జెరాయ్ గాలికి ఇద్దరు

నాగవల్లికి ఒకచోట కూర్చోవడం చేతకాదు. అది పుట్టుకతో వచ్చిన రోగమని అత్త కూర్మమ్మ తీర్మానం. "కాలు కాలిన పిల్లి నయం. అదైనా అలిసిపోయి ఓ మూల పడుకుంటాది. ఈ గుంట పడుకున్నా కాళ్లాడిస్తాది" అని మలాయ్ దేశంలో వాళ్లుండే సుంగై పెటానిలో తెలుగు అర్థమయ్యే ప్రతి ఇంట్లోనూ ఆవిడ చెప్పి వచ్చింది. కోడలికి నలభై ఏడేళ్లు నిండినా ఆవిడ లెక్కలో గుంటే.

ఆవిడ మాటలో అబద్ధమేమీ లేదు. వారమంతా నాగవల్లి చేతి తొడుగుల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. తొడుగులోకి గాలి ఊది, వెలుతురుకెత్తి, సూది మొనంత చిల్లు ఎక్కడైనా ఉందేమో చూడాలి. కూర్చోవడానికి స్టూలు ఇచ్చారు గానీ దాని మీద ఎప్పుడూ ఆమె సంచే కూర్చుంటుంది. ఇంటికొచ్చాక కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతుంది. టీవీ ముందు కాసేపు కూలబడిందో లేదో లేచి గేటు దాకా వెళ్లి, ఎదురింటి మామిడి చెట్టు కేసి చూసి వస్తుంది. అది దొంగల భయమని మొగుడు తినగరన్ చాలా ఏళ్లు అనుకున్నాడు. గేటుకి ఇంకో తాళం కూడా వేయించాడు పాపం. ఆమె చూసేది ఆకులు ఎటు ఊగుతున్నాయో, ఎంత ఊగుతున్నాయో.

ఆమె పుట్టింది బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి తోటలో. తండ్రి అచ్చయ్య కాయలు ఒలిచేవాడు. స్కూల్లో ఉండగా ఒక సెలవుల శిబిరంలో పిల్లల్ని తలా ఒక తొట్టిలాంటి చిన్న తెరచాప పడవలో కూర్చోబెట్టి నదిలోకి తోశారు. మిగతా పిల్లలు ఏడ్చి గోలపెట్టి ఒడ్డుకొచ్చేశారు. నాగవల్లిని వెనక్కి తీసుకురావడానికి మాత్రం టీచరు మోటారు పడవేసుకుని వెంట పడాల్సి వచ్చింది. తర్వాత రెండేళ్లు జిల్లా పోటీలకి వెళ్లింది. ఆ తర్వాత అందరికీ అయ్యేదే ఆమెకీ అయింది. ఫ్యాక్టరీ, పెళ్లి, కూతురు వసంతి. దగ్గర దగ్గర ముప్పై ఏళ్లు ఆమెకి నీళ్లంటే వంటగది కుళాయి.

వసంతి జోహోర్‌లో కాలేజీకి వెళ్లిన ఏడాది, తంజుంగ్ దవాయ్‌లో ఎండు చేపలు కొనడానికి వెళ్లినప్పుడు, ఒక పడవల షెడ్డు వెనక గడ్డిలో పడి ఉన్న పాత తెరచాప పడవ, ఓ చిన్న యాట్, నాగవల్లి కంటబడింది. పంతొమ్మిది అడుగులది. అడుగు పలకలో చీమలు పుట్ట పెట్టాయి. ఆ రోజు ఎండు చేపలు కొనలేదు. సంవత్సరం పాటు ఆదివారాలన్నీ గీకి, అతికి, రంగు పూసి, తెరచాప కుట్టి, దాన్ని నీళ్లలోకి దించింది. అప్పట్నుంచి ప్రతి శనివారం ఆమె సముద్రం మీదే.

తినగరన్‌కి అప్పట్నుంచే మనశ్శాంతి లేదు. అతను కార్ల ఏసీలు బాగుచేస్తాడు. మనిషి ఏనుగంత, మనసు కుందేలంత. ఈత రాదు. శనివారం వచ్చిందంటే వర్క్‌షాపులో ఒక్క పనీ సాగదు. ఆమెకి ఫోన్ చేస్తూ కూర్చుంటాడు. గాలి చెవుల్లో హోరెత్తుతుంటే ఆమె ఎలా ఎత్తుతుంది? ఎత్తకపోతే అతను జెట్టి దాకా కారు తోలుకుని వచ్చి, పడవ కనబడగానే ఏమీ ఎరగనట్టు వెనక్కి వెళ్లిపోయేవాడు. డిసెంబర్‌లో చుక్కాని విరిగి, పడవ వెనకున్న చిన్న మోటారూ మొండికేసి, చేపల పడవవాళ్లు తాడు కట్టి లాక్కొస్తే ఆమె చీకటి పడ్డాక ఒడ్డు చేరింది. ఆ రాత్రి అతను కేకలేమీ వేయలేదు. కంచం ముందు కూర్చుని, "ఇంక ఒగ్గేయే వల్లీ. నా గుండె తట్టుకోనేదు" అన్నాడు.

కేకలేసి ఉంటే ఆమె తిరిగి కేకలేసేది. ఆ గొంతు విన్నాక నెల రోజులు వెళ్లకుండా ఉగ్గబట్టుకుంది. ఆ నెలలో ఇంట్లో పరదాలన్నీ రెండుసార్లు ఉతికింది, వంటగది అరలన్నీ పీకి మళ్లీ బిగించింది, అత్తతో మూడుసార్లు తగువాడింది. చివరికి ఉండబట్టలేక మొగుడి ముందు నిలబడి అంది.

"బావా, ఒక్కసారి నాతో రా. ఒక్కటే సారి. దిగినాక నువ్వొద్దంటే ఆ రోజే మానేస్తాను. పడవ ఎవరికో ఇచ్చేస్తాను. మా నాన్న మీద ఒట్టు."

తినగరన్ ఆ ఒట్టుని పట్టుకున్నాడు. "ఒట్టేసినావు. మళ్లా మాట మార్సకూడదు లా" అన్నాడు, ఈ దేశపు అలవాటు 'లా'ని చివర తగిలించి.

"మార్సను."

అనేసింది గానీ, అన్న మరుక్షణం నుంచీ ఆమెకి పొయ్యి మీద కూర్చున్నట్టే ఉంది. తన శనివారాలన్నీ తీసుకెళ్లి, స్విమ్మింగ్ పూల్ చూస్తేనే కళ్లు తిరిగే మనిషి చేతిలో పెట్టింది. అందుకని ఉపాయం ఆలోచించింది. తైపూసం పండగ వెళ్లిన వారం, పొద్దున్నే ఆటుపోటుల పట్టీ బావుంది. నీరు తీసేటప్పుడు దానితో పాటే, నది సముద్రంలో కలిసే నోరు దాటాలి. ఆ వేళకి గాలి ఇంకా ఆవులిస్తూ ఉంటుంది. కోనేట్లో తెప్పోత్సవంలా మెల్లగా తిప్పి, బిడాన్ దీవి చూపించి, తెచ్చిన ఇడ్లీలు తినిపించి, జెరాయ్ కొండ మీంచి అసలు గాలి దిగేలోపు ఒడ్డుకి చేర్చేయాలి. ఇంతే కదా అని అతను అనుకోవాలి. అలా అనుకుంటే చాలు.

శనివారం పొద్దున ఆమె పడవని కారు వెనక తగిలించి సిద్ధంగా ఉంటే, తినగరన్ స్నానం చేసి, విభూతి పెట్టుకుని, గోడ మీద తమిళ క్యాలెండర్ ముందు నిలబడ్డాడు.

"తొమ్మిదైంది. పదిన్నర దాకా రాహుకాలం. అది పోయినాకే కాలు బయట పెడదాం."

"బావా, నీరు తీసేస్తుంది. అది మనకోసం ఆగుద్దా?"

"నీరు రోజూ వస్తాది. మనం పోతే మళ్లా రాము" అన్నాడతను. దానికి లోపల్నుంచి కూర్మమ్మ, "సెప్పురా నాయనా, గంగమ్మతో సరసమా?" అని తాళం వేసింది.

ఇక్కడ ఒక సంగతి ఉంది. ఆ క్యాలెండర్లో రాహుకాలం ఆరింటికే సూర్యుడు లేచే ఊళ్ల లెక్కది. ఈ దేశంలో జనవరిలో సూర్యుడు ఏడు దాటితే గానీ ముసుగు తియ్యడు. సూర్యుణ్ణి బట్టి చూస్తే వీళ్లు ఆగి ఆగి బయల్దేరబోయే వేళే అసలు రాహుకాలం మొదలవుతుంది. గుళ్లో పూజారి ఒకసారి చెప్పగా నాగవల్లి విన్నది. నోటి దాకా వచ్చింది కూడా. చెబితే మధ్యాహ్నం దాకా ఆపుతాడని మింగేసి, గేటు దగ్గరికీ కారు దగ్గరికీ తిరుగుతూ గంటన్నర గడిపింది. మామిడి ఆకులు అప్పటికే గలగలమంటున్నాయి. ఇంట్లోవాళ్లు మంచి వేళ కోసం చూస్తుంటే, ఉన్న మంచి వేళ కాస్తా నదిలోంచి కారిపోయింది.

జెట్టి దగ్గర ఇంకో ముచ్చట. కూర్మమ్మ నాలుగు నిమ్మకాయలిచ్చి పంపింది, కొత్త బండికి తొక్కించినట్టు తొక్కించమని. పడవకి చక్రాలేవి? తినగరన్ చుట్టూ తిరిగి చూసి, పడవని మోసే బండికి రెండు చక్రాలున్నాయని కనిపెట్టి, వాటి కింద రెండు పెట్టాడు. నిమ్మకాయలు చితికాయి, పడవ నీళ్లలోకి జారింది. మిగిలిన రెండూ జేబులో వేసుకుని, లైఫ్ జాకెట్ బెల్టులన్నీ బిగించుకుని, నీళ్లలోకి అడుగు పెట్టేముందు కళ్లు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు. ఆ నిలువెత్తు మనిషి అలా నిలబడితే నాగవల్లికి జాలేసింది. దానితో పాటే, తన శనివారాలన్నీ ఇంక అయిపోయినట్టే అనిపించింది.

నది నోటి దగ్గర ఎదురొచ్చిన చేపల పడవలోంచి ఒక మలాయ్ ముసలాయన చెయ్యి ఊపుతూ అరిచాడు. "ఆంగిన్ కువాట్, కక్!" గాలి గట్టిగా ఉందక్కా అని. నాగవల్లి విన్నానన్నట్టు చెయ్యెత్తింది.

"ఏటంటున్నాడు?" అన్నాడు తినగరన్. అతనికి మలాయ్ ఆమె కంటే బాగా వచ్చు. విన్నది వినలేదనుకోవాలని అతని ఆశ.

"పలకరించాడు లే."

నోరు దాటేసరికి పోటు మొదలై నీరు లోపలికి తోస్తోంది, గాలి బయటికి తోస్తోంది. రెండూ కొట్లాడుకుని అలలు గోడల్లా నిక్కబొడుచుకున్నాయి. పడవ వాటిని ఒక్కొక్కటీ ముక్కుతో పొడుస్తూ దాటింది. తినగరన్ ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో నిమ్మకాయ పట్టుకుని వాసన చూస్తున్నాడు. ఇడ్లీల మాట ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడే తెరచాప కుదించి కట్టాలి. గాలి పెరిగేలా ఉందని మనసులో అనిపించగానే కుదించాలి, పెరిగాక కాదు. ఆమెకి పన్నెండో ఏటే నేర్పిన పాఠం అది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె ఏనాడూ తప్పలేదు. కుదించాలంటే ఆ కాసేపూ చుక్కాని ఎవరైనా పట్టుకోవాలి, బావకి రాదు కదా అని ఇవాళ తనకి తానే చెప్పుకుంది. ఒంటరిగా వెళ్లినప్పుడు చుక్కాని కర్రని తాడుతో కట్టే కదా ఆ పని చేసుకునేది. అదీ తెలుసు. ఇదే ఆఖరి శనివారమేమో, చేతులు మాత్రం కదల్లేదు.

ఉత్తరం వైపు తిప్పింది. కుడివైపు ఒడ్డు, దాని వెనక జెరాయ్ కొండ నెత్తిన మబ్బు గుడ్డ చుట్టుకుని. గాలి ఆ కొండ మీంచి జారి, పొలాలు దాటి, సరిగ్గా పడవ పక్కటెముకల మీదికి వచ్చి తగిలింది. పడవ ఎడమవైపుకి ఒరిగింది.

"బావా, ఇలా రా! ఈ అంచు మీద కూకో! కాళ్లు ఆ పట్టీ కింద పెట్టి ఎనక్కి వాలు!"

"ఎనక్కా? ఎనక నీళ్లున్నాయే!"

"ఉంటాయి! వాలు, బేగి!"

తినగరన్ జీవితంలో మొదటిసారి ఆలోచించకుండా ఒక పని చేశాడు. ఆమె పక్కన అంచు మీద కూర్చుని, పట్టీ కింద పాదాలు దూర్చి, తన బరువంతా నీళ్ల మీదికి వెనక్కి వేశాడు.

పడవ నిటారుగా లేచింది.

 ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ ఇంత గాలిలో నిండు తెరచాపతో లేదు. ఒంటరిగా ఉంటే ఆమె బరువు చాలదు, పడవ పడిపోతుంది. ఇవాళ పక్కన ఆ ఏనుగంత మనిషి ఉన్నాడు. తెరచాప కుట్లు తెగేలా నిండింది. చుక్కాని కర్ర అరచేతిలో సన్నగా వణకడం మొదలుపెట్టి, ఆ వణుకు మోచేతి దాకా పాకింది. అప్పటిదాకా నీటిని కోసుకుంటూ పోతున్న పడవ, ఇంకో విసురు రాగానే ముక్కెత్తి నీటి మీదికి ఎక్కేసింది. ఇక అది తేలడం కాదు, జారడం. చప్పుడే మారిపోయింది. అడుగున గలగల పోయి ఒకటే సుయ్యిమనే మోత. తుంపర రాళ్లలా మొహానికి కొడుతోంది. ఒడ్డున ఉన్న మడ చెట్లు వరసలు వరసలుగా వెనక్కి పరిగెడుతున్నాయి.

భుజం మీంచి చూసింది. నీటి మీద నల్లటి మచ్చ ఒకటి వాళ్ల వైపు పరిగెత్తుకొస్తోంది. ఇంకో విసురు. "వాలు బావా!" ఇద్దరూ ఒక్కసారే వాలారు. పడవ ఇంకా వేగమెత్తింది. ఒక అల వీపు ఎక్కి, దాని మీంచి తర్వాతి అల మీదికి దూకింది. నాగవల్లికి నవ్వొచ్చింది. నోరు తెరిచి, పళ్లన్నీ కనబడేలా, ఉప్పు నీళ్లు గొంతులోకి పోతున్నా ఆగకుండా నవ్వింది. ఫ్యాక్టరీ లేదు, పరదాల్లేవు, గేటు లేదు. కాళ్లూ చేతులూ ఎక్కడికీ వెళ్లాలనుకోవడం లేదు. ఇన్నేళ్లుగా లోపల బొంగరంలా తిరిగేదేదో ఆ వేగంలో నిద్రపోయినట్టు ఆగిపోయింది. పడవ ఎంత బేగి పోతే ఆమె లోపల అంత నిమ్మళం. ఇది ఎవరికైనా చెబితే నమ్ముతారా?

ఎంతసేపు అలా పోయారో ఆమెకి తెలీదు. తర్వాతి మచ్చని ఆమె చూడలేదు. గాలి గోడలా వచ్చి పడింది. ఎడమ అంచు నీళ్లలో మునిగింది, నీరు బిందెలతో పోసినట్టు లోపలికి దూకింది. తినగరన్ పాదం పట్టీలోంచి జారింది. అతని ఒళ్లు కింది వైపుకి వేలాడింది, తాడు పట్టుకున్న చేతులు మాత్రం వదల్లేదు. "వల్లీ!" అని ఒక్క అరుపు.

ఆమె తెరచాప తాడు వదిలేసింది. నిండిన గాలంతా ఒక్కసారి పోయి, తెరచాప చాకిరేవులో గుడ్డలా బడబడ కొట్టుకుంది. పడవ ఒకసారి ఊగి లేచి నిలబడింది. మోకాళ్ల దాకా నీళ్లు. ఇద్దరూ రొప్పుతున్నారు. ఇడ్లీల డబ్బా నీళ్లలో తేలుతూ పోతోంది.

"ఈ కర్ర పట్టుకో బావా. ముక్కు కొండ కేసి ఉండాలి. అంతే" అంది. అతనికి రాదని ఇందాక తనకి తాను చెప్పుకున్న పని అది. అతను పట్టుకున్నాడు. బాగానే పట్టుకున్నాడు. ఆమె తెరచాప కుదించి కట్టింది. సిగ్గుతో అతని కళ్లలోకి చూడలేకపోయింది. అక్కణ్ణుంచి గాలికి ఎదురీదుతూ, ఖాళీ రంగు డబ్బాతో నీళ్లు తోడుతూ, చివర్లో మోటారు పెట్టుకుని ఒడ్డు చేరేసరికి పొద్దు వాలింది. దారంతా తినగరన్ నీళ్లు తోడమంటే తోడాడు, వాలమంటే వాలాడు.

ఒడ్డున పడవని బండికెక్కించి, తాళ్లు బిగించి, ఇక బిగించడానికేమీ మిగలక ఆమె అతని ముందు నిలబడింది. అతను మెట్టు మీద కూర్చుని చొక్కా పిండుకుంటున్నాడు.

"తప్పు నాదే బావా. తెరచాప ముందే కుదించాల్సింది. నీతో ఉండగా అలగ సేయకూడదు" అంది. "ఇంక నువ్వేమన్నా సరే. ఒట్టు ఒట్టే."

"భయమేసింది" అన్నాడు తినగరన్. "పానం నోట్లోకొచ్చింది. పోయినామనుకున్నాను."

"తెలుసు."

"దానికి ముందు నువ్వు నవ్వినావు."

ఆమె తలెత్తింది.

"పడవ ఎగిరినప్పుడు, నెత్తి మీద నీళ్లు పడ్డప్పుడు, పతీసారీ నవ్వినావు. నాను నీళ్లేపు సూడ్నేదు వల్లీ, సూస్తే సచ్చిపోతాను. నీ మొకమే సూసినాను. ఇరవైమూడేళ్లై నా ఇంట్లో ఉన్నావు. నువ్వలగ నవ్వగలవని నాకు తెల్దు. వసంతి పుట్టినప్పుడు కూడా అలగ నవ్వనేదు."

 అది నిజం.

"మానకు" అన్నాడతను. "మానమని సెప్పే మొకం నాకు నేదు. పో. పతీ శనారం పో."

ఈ మాట కోసమే కదా ఇంత చేసింది. వచ్చేసింది. ఆమెకి ఏడుపొచ్చింది. "మరి నువ్వొస్తావా బావా?"

"నానెందుకు? నానుంటే నువ్వు బిగపట్టుకుంటావు. నా గురించి ఆలోసిస్తావు. ఒక్కదానివే పో. నీ ఇట్టమొచ్చినంత బేగి పో."

"అలగ కాదు బావా! ఒక్కదాన్నే ఉంటే అంత బేగి పోదు! నా బరువు సాలదు. నువ్వు పక్కన కూకున్నావు గనకే అలగ ఎగిరింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అంత పోనేదు. నిజం!"

తినగరన్ ఆమె కేసి చూసి, ఏడుస్తుంటే చేతిలో మిఠాయి పెడితే తీసుకున్న పిల్లాడిలా మెల్లగా నవ్వాడు. "సర్లేవే. నన్ను ఓదార్సకు" అని లేచి, బండి తాళ్లు ఇంకోసారి లాగి చూసి, కారెక్కాడు.

ఆ వారమంతా ఆమె నాలుగైదుసార్లు చెప్పింది. కాగితం మీద పడవ బొమ్మ గీసి, ఇక్కడ నువ్వు, ఇక్కడ గాలి అని చూపించింది. అతను ఓపిగ్గా విన్నాడు, ఊకొట్టాడు, ఒక్క ముక్క నమ్మలేదు. కూర్మమ్మ మాత్రం, "ఆడు పోనిచ్చినాక నానేటంటాను" అని మూతి ముడుచుకుంది.

తర్వాతి శనివారం తెల్లవారుతూనే పడవ బండిని కారుకి తగిలించి ఇచ్చింది తినగరనే. క్యాలెండర్ కేసి చూడలేదు. నీరు తీసే వేళకే ఆమె నది నోరు దాటింది. పొద్దెక్కాక జెరాయ్ మీంచి అంతే గాలి దిగింది. ఆమె తెరచాప కుదించి కట్టుకుంది. ఒక్క మనిషి బరువుకి అంతకంటే నిలవదు. అంచు మీద కూర్చుని ఎంత వాలినా, పడవ నీళ్లని కోసుకుంటూ పోయిందే గానీ పైకి లేవలేదు. ఒకటి రెండుసార్లు పక్కకి తిరిగి "వాలు" అనబోయింది. పొద్దుపోకముందే వెనక్కి తిప్పేసింది.

ఇంటికొచ్చేసరికి అతను అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. "ఎలగుంది? బేగి పోయిందా?" అన్నాడు.

"బాగుంది బావా, బేగి పోయింది" అని, అతనికి కావలసింది అదే కదా అని, నోరంతా తెరిచి నవ్వింది.

తినగరన్ ఆ నవ్వులో పడవ మీది నవ్వు కోసం వెతికి, కంచం కేసి చూసుకున్నాడు.